కుళాయిలకు ఉప్పునీటి కాటు
యాసిడ్ వాడకంతో రెట్టింపవుతున్న నష్టం

ఉప్పలగుప్తం: తళతళలాడే కొత్త కుళాయి కొన్నాళ్లకే తెల్లని పొర కట్టి కళ తప్పుతోంది. షవరు రంధ్రాలు పూడుకుపోయి ధార సన్నగిల్లుతోంది. ఉప్పలగుప్తం తీర మండలంలో బోరు నీటిపై ఆధారపడిన ఇళ్లకు ఇది కొత్త సమస్య కాదు. సరకు నాసిరకమని దుకాణదారును నిందించడం పరిపాటి. కానీ లోపం చాలావరకు నీటిలోనే ఉంది. దానిని గుర్తించక ఘాటైన యాసిడ్‌తో తోమితే ఉన్న కుళాయి కూడా పాడవుతుంది.

మరకను బట్టి కారణం

తెల్లని పొర కఠిన జలానికి గుర్తు. నీరు ఆరిపోగా మిగిలిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు గట్టిపడి పెచ్చులు కడతాయి. అతుకుల వద్ద పచ్చని చిలుము కనిపిస్తే పైపూత దెబ్బతిని లోపలి ఇత్తడి కరుగుతున్నట్లు. ఉప్పునీటిలోని క్లోరైడ్ ఈ పనిని వేగిరపరుస్తుంది. ఎర్రని మరకలు నీటిలోని ఇనుమువల్ల ఏర్పడతాయి.

తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200, క్లోరైడ్ 250 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. వేరే నీటి వసతి లేనిచోట మాత్రమే కాఠిన్యాన్ని 600, క్లోరైడ్‌ను 1,000 వరకు అనుమతించింది. సముద్ర సామీప్యం, ఉప్పుటేర్లు, ఉప్పునీటి ఆక్వా చెరువులు, మితిమీరి తోడే బోర్లు తీర ప్రాంత భూగర్భ జలాల్లో ఉప్పదనాన్ని పెంచుతాయి.

చింతపండు సూత్రమే మేలు

బాత్‌రూం యాసిడ్‌లో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లం తెల్లపొరతోపాటు కుళాయి పైనున్న క్రోమియం పూతనూ తినేస్తుంది. ఇసుక, ఇనుప పీచు గీతలు పెడతాయి. యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడి ప్రాణానికే ముప్పు తెస్తుంది.

ఇత్తడి బిందెలను చింతపండుతో తోమడం కోనసీమ ఇల్లాళ్లకు తెలిసిన విద్యే. ఇక్కడా అదే సూత్రం పనిచేస్తుంది. నిమ్మరసం గాని, నీరు కలిపిన వెనిగర్ గాని గుడ్డకు తడిపి కుళాయికి చుట్టి, అరగంట తర్వాత మెత్తని గుడ్డతో రుద్ది మంచినీటితో కడిగితే చాలు. రాత్రంతా ఉంచరాదు. షవరు మూతిని విప్పి అదే ద్రావణంలో నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో రంధ్రాలు శుభ్రం చేయవచ్చు. కుళాయి మూతిలోని జల్లెడకూ ఇదే పద్ధతి. స్నానం ముగిశాక పొడిగుడ్డతో తుడవడం అన్నింటికన్నా చవకైన మార్గం. నీరు నిలవకపోతే పొర కట్టదు.

చుక్కల్లో పోతున్న నీరు

లవణాల గరుకుకు లోపలి వాషరు అరిగి కుళాయి కారడం మరో నష్టం. సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా నాలుగు లీటర్లకు పైగా వృథా. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. ఒక్క కుళాయి అందులో దాదాపు పదమూడో వంతు మింగేస్తున్నదన్నమాట. వాషరు ఖరీదు స్వల్పం. వాల్వు కట్టి దానిని మార్చడం ఇంట్లోవారే నేర్చుకోదగిన పని.

కాలువ నీరే శాశ్వత పరిష్కారం

నిమ్మరసం పొరను తొలగిస్తుందే గాని నీటిలోని ఉప్పును తొలగించదు. మరిగించినా క్లోరైడ్ పోదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో డెల్టాకు గోదావరి కాలువలు దక్కాయి. లవణాలు తక్కువగా ఉండే ఆ నీటిని వేసవిలో కాలువలు కట్టేలోగా చెరువుల్లో నింపి, శుద్ధి చేసి శివారు గ్రామాల వరకూ చేర్చాలి. తాగడానికి రెండు బిందెలు ఇచ్చి, స్నానానికి బోరు నీటినే దిక్కు చేస్తే కుళాయిలు మార్చే ఖర్చు పేద ఇంటిపైనే పడుతుంది. పంచాయతీలు బోరు నీటిని పరీక్షింపజేసి ఫలితాలను గ్రామస్తులకు తెలియజేయడం ఆ దిశలో తొలి అడుగు కాగలదు.