ఎడ్లను లారీ యెక్కించుట

పూర్వము మన యెడ్లు సంతకైనను, తిరునాళ్లకైనను తమ కాళ్లతోనే నడచి పోయెడివి. నేడు సంతలకును, బండలాగుడు పందెములకును, దూరపు పశువైద్యశాలలకును లారీలలో పోవుచున్నవి. ప్రయాణసాధనము మారినది గాని, ఎక్కించు పద్ధతి మారలేదు. ముందు ఇద్దరు ముకుతాడు లాగుదురు; వెనుక నొకడు తోక మెలిపెట్టును; మరియొకడు ముల్లుగర్ర పట్టును. అప్పటికిని ఎద్దు కదలనిచో అది మొండిదని నింద వేయుదురు.

అది మొండితనము కాదు, భయము. పశువు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే చుట్టునున్నది చాలవరకు దానికి గోచరించును. సరిగా వెనుకనున్నది మాత్రము కానరాదు. ఎదుటి మెట్టును, సందును పోల్చుకొనుటకు అది తల వంచి చూడవలయును. మనము ముకుతాడు పైకి లాగిపట్టినచో ఆ చూపునే అడ్డగించినవారమగుదుము. ఎండలోనుండి నీడగ్రమ్మిన లారీలోనికి, కదలుచు చప్పుడుచేయు పలకమీదుగా నడువుమన్నచో వెనుదీయుట దాని స్వభావము. ఒకమారు జారిపడినచో ఆ పలకను, ఆ చప్పుడును చాలకాలము మరువదు.

కావున ముందుగా అలవాటు చేయుటయే మార్గము. ప్రయాణమునకు కొన్నిదినముల ముందే గట్టి చెక్కపలకను నేలపై పరచి, దానిమీద ఎద్దును నడపవలెను. జంకు తీరిన పిమ్మట, కదలకుండ నిలిపిన బండికి ఆ పలకను జేర్చి, లోపల వరిగడ్డి పరచి, తవుడో ఉలవలో పెట్టవలెను. మొదటిదినము ముందుకాళ్లు పెట్టి దిగినను చాలును. జతలో నెమ్మదియైనదానిని ముందెక్కించినచో రెండవది వెంబడించుట కలదు. ఇంజను చప్పుడు వినిపించుట, కొలదిదూరము త్రిప్పితెచ్చుట తరువాతి పాఠములు.

ఇన్నిదినములు లారీ యెవరిత్తురని కొందరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అయితే ట్రాక్టరు ట్రక్కులు నేడు ప్రతిగ్రామమునను కలవు గదా! పాఠమునకు అవి చాలును.

ప్రయాణమునకును కొన్ని కట్టుబాట్లు కలవు. 1978వ సంవత్సరపు పశురవాణా నియమములు ఒక లారీలో ఆరు పశువులకు మించరాదనియు, అడుగున జారకుండ కొబ్బరిపీచు చాపయో చెక్కయో వేయవలెననియు, వెంట నొక మనిషి యుండవలెననియు, వేరు సరకు కలుపరాదనియు విధించినవి. పశువులు బెదరకుండుటకు ఇంజనువైపు మొగముగా నిలుపుట మేలని గూడ తెలిపినవి. ఎక్కించుటకు ముందు మేపి, నీరు పెట్టుట మరువరాదు. బాడుగ కలిసివచ్చునని పది పశువులను క్రుక్కుటవలన మిగులునది కొంచెము, పోవునది మెండు. ఎద్దు కాలు విరిగినచో ఆ యేడు రైతు చేయి విరిగినట్లే.

ఈ విషయమున సంఘము చేయదగిన పని యొకటి కలదు. గిడ్డంగి యావరణలో లారీ అడుగుపలక యెత్తునకు ఏటవాలుగా మట్టిదిబ్బ యొకటి పోయించి, ఇరుప్రక్కల కర్రల దడి కట్టింపవచ్చును. మట్టి మన చెరువులోనిది, ట్రక్కులు సభ్యులవి, కూలి కొలదిపాటిది. ఏ యొక్క రైతు తనకొరకై ఇట్టిది కట్టుకొనలేడు. పదిమంది కూడినచో అందరికిని అమరును. సహకారమన నిదియే గదా! రాబోవు సర్వసభ్యసమావేశమున ఈ యంశమును చర్చకు దెచ్చి, సభ్యులు తీర్మానింతురు గాక. ఆ దిబ్బ లేచిననాడు ముల్లుగర్రతో మనకు పనియుండదు.