పురుగు పడుతుందని ముందే చెబుదాం
పోయిన ఏడాది ఒక కస్టమర్ ఫోన్ చేసి, "ఏం బాబూ, నీ బియ్యం నిండా పురుగులే. సంచి వెనక్కి తీసుకుపో" అన్నారు. 25 కిలోల సింగిల్ పాలిష్ బియ్యం అవి. నాకు కోపమొచ్చింది. మందు కలపలేదు కాబట్టే కదా పురుగు పడింది!

తర్వాత ఆలోచిస్తే తప్పు నాదే. సింగిల్ పాలిష్ బియ్యానికి తవుడు పొర ఉంటుంది, అందులో నూనె ఉంటుంది. నిల్వ ఉంచితే ముక్కవాసన వస్తుంది, పురుగూ తొందరగా పడుతుంది. ఇదంతా డిప్లొమాలో చదివాను. కొనేవాళ్లకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

ఇప్పుడు వడ్లుగానే నిల్వ పెట్టి, ఆర్డర్లు వచ్చాకే మర పట్టిస్తున్నా. కొద్దిపాటి వడ్లకు మిల్లు తిప్పమంటే మిల్లువాళ్లు విసుక్కుంటారు. అందుకే నాలుగైదు బస్తాలకు సరిపడా ఆర్డర్లు పోగయ్యేదాకా ఆగుతా. అన్నీ 5 కిలోల సంచులే. ఒక్కోదాని మీద మర పట్టిన తేదీ, "నెలలోపు వాడుకోండి" అన్న మాట రాస్తా.

మొన్న అదే అమ్మ మళ్లీ ఫోన్ చేశారు. గుండె గుభేలుమంది. "ఇంకో రెండు సంచులు పంపు బాబూ" అన్నారు!

మందు కొట్టలేదని గొప్పగా చెప్పుకుంటాం. దాంతో వచ్చే ఇబ్బంది కూడా మన నోటితోనే ముందు చెప్పాలి. నమ్మకం అక్కడే మొదలవుతుంది. మర పట్టించడం, సంచులు కట్టడం వీడియోలో చూపించాను, చూడండి.