కుప్ప వేరు... వామి వేరు!

‘నిన్న రాత్రి కుప్ప అంటుకుందట!’ అంటే పల్లెలో పెద్దవాళ్ల గుండె జారిపోతుంది. ‘వామి అంటుకుందట!’ అన్నా బాధే. కానీ ఆ బాధ వేరు. కుప్పలో ఉండేది కంకులతో ఉన్న వరి. అది కాలితే ఏడాది కష్టం బూడిదైనట్టే. వామిలో ఉండేది నూర్చేసిన గడ్డి. అది కాలితే పోయేది పశువుల మేత. నష్టం ఎంతో తెలియడానికి ఆ ఒక్క మాట చాలు.

వరి కోసి పొలంలో పరిస్తే పనలు. కట్టి తలకెత్తుకుంటే మోపు. ఒకచోట పేరిస్తే కుప్ప. నూర్చి గింజలు పోస్తే రాశి. మిగిలిన గడ్డి వామి. పంట ఏ దశలో ఉందో పేరే చెప్పేస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల కోత యంత్రం దిగుతోంది. గింజలు నేరుగా ట్రాక్టర్లోకే. పనా లేదు, కుప్పా లేదు. పనితోపాటే మాటా పోతోంది.

ఇంట్లోనూ అంతే. అరటిపళ్లు చెట్టుకి ఉంటే గెల. అందులోంచి ఒక వరస కోస్తే అత్తం. పళ్లు చేతివేళ్లలా ఉంటాయి కాబట్టి హస్తం, వాడుకలో అత్తం అయింది. ఇప్పుడు బజార్లో డజను, సూపర్‌మార్కెట్లో కిలో! ద్రాక్షలకి గుత్తి, తాళంచెవులకీ గుత్తే. ఆవులది మంద. చీమలది బారు, ఆకాశంలో కొంగలదీ బారే. మిడతలది మాత్రం దండు. దండంటే సైన్యం. 2020లో రాజస్థాన్, మధ్యప్రదేశ్ పొలాల మీద మిడతలు పడ్డప్పుడు తెలుగు పత్రికలు ‘మిడతల దండు’ అనే రాశాయి. ‘గుంపు’ అంటే ఆ భయం ఎక్కడొస్తుంది?

మనుషుల దగ్గరికొచ్చేసరికి కాస్త జాగ్రత్తగా ఉండాలి. భజన చేస్తే బృందం, నాటకం వేస్తే సమాజం, అల్లరి చేస్తే మూక. ‘ముఠా’ అనగానే మనకి దొంగలే గుర్తొస్తారు. కానీ మార్కెట్లలో బస్తాలు మోసే కూలీల జట్టునీ ముఠా అనే అంటారు. 1993లో వచ్చిన చిరంజీవి సినిమా ‘ముఠామేస్త్రి’లో ఉన్నది ఆ ముఠాయే. చెమటోడ్చేవాళ్ల మాటని దొంగలకి అప్పగించేశామన్నమాట!

అందుకే రోడ్డు మీద నలుగురు కనిపించగానే తొందరపడకూడదు. నీళ్ల కోసం బిందెలతో బైఠాయించినవాళ్లని ‘మూక’ అన్నామంటే, తప్పు వాళ్లదేనని ముందే తేల్చేసినట్టు. ‘జనం’ అంటే వాళ్లేం అడుగుతున్నారో వినాలనిపిస్తుంది. వాళ్లు అదే నలుగురు. మారింది మన మాటే.

భోజనాలయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి అడగండి... కొంగలది ఏంటి? తాళంచెవులది ఏంటి? కుప్పకీ వామికీ తేడా ఏంటి? చెప్పలేకపోతే ఊళ్లో ఉన్న తాతయ్యకి ఫోన్ కలిపివ్వండి. ఆ తర్వాత ఫోన్ మీ చేతికి ఎప్పుడొస్తుందో మాత్రం మేం చెప్పలేం!