పనిపిల్ల పొద్దు

సినిమాలో కథెక్కడుందని అడిగేవాళ్లను నేను 1952 నాటి ఇటాలియన్ సినిమా ‘ఉంబెర్తో డి’ చూడమంటాను. పనిపిల్ల నిద్ర లేస్తుంది, పొయ్యి వెలిగిస్తుంది, గోడ మీది చీమల్ని నీళ్లతో తరుముతుంది, కాఫీ గింజలు మరాడిస్తూ కూర్చున్నచోటునుంచే కాలు చాచి తలుపు మూస్తుంది. అంతే. కాకపోతే పెళ్లికాని ఆ పిల్ల కడుపుతో ఉంది. ఈ పొద్దుటిపూటను రాసినవాడు చేజరే జవత్తీని. 1902లో పో నది ఒడ్డున లుజ్జారాలో పుట్టాడు. ‘బైసికిల్ థీవ్స్’లోనూ ఆయన కలముంది. పేరు మాత్రం దర్శకుడు దె సికా ఖాతాలో పడింది (రచయితల గతి ఎక్కడైనా ఇదే!). ‘ఉంబెర్తో డి’ చూసి, ఇంటి మురికిగుడ్డలు వీధిలో ఉతుకుతారా అని అప్పటి ఇటలీ ప్రభుత్వంలో ఉన్న ఆండ్రియోట్టి కస్సుమన్నాడు. అందులో పింఛను చాలని ముసలాయన ఆకలి మురికెలా అయింది? ఏమీ జరగని మనిషి బతుకులోంచి 90 నిమిషాలు చూపాలన్నది జవత్తీని కోరిక. ‘ఉంబెర్తో డి’కి మాత్రం డబ్బులు రాలలేదు.