కన్ను వినే పాట

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా! పాటలు వినే స్పీకర్ల సంగతీ అంతేనండీ.

కిందటి నెల చీటీ డబ్బు చేతికి రాగానే మావారూ, నేనూ, అమ్మాయీ హిమాయత్‌నగర్ నుంచి ఆటోలో ఆబిడ్స్ వెళ్ళాం, హాల్లోకి స్పీకర్లు కొందామని. షాపబ్బాయి ముందు 9,000 రూపాయల సెట్టు వినిపించాడు, తర్వాత 22,000ది. పాట అదే. రెండోది మొదలవగానే "సుశీలగారు ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు లేదూ!" అన్నాను. మావారి చెయ్యి అప్పటికే జేబులోకి వెళ్ళింది.

"రెండింటికీ సౌండు సమానంగా పెట్టారా?" అంది అమ్మాయి. లేదు. రెండోదానికి రవ్వంత ఎక్కువుంది. కిటుకంతా అక్కడే! బాగా పెంచితే 'గట్టిగా ఉంది' అంటాం. రవ్వంత పెంచితే పెంచినట్టే తెలియదు, 'స్పష్టంగా, కమ్మగా ఉంది' అనిపిస్తుంది.

సౌండు సమం చేయించి, మా ఇద్దర్నీ గోడవైపు తిప్పి నిలబెట్టింది. ఏది మోగుతోందో చెప్పకుండా ఆరుసార్లు మార్చి మార్చి వినిపించింది. ఖరీదైనది ఏదో నేను మూడుసార్లు తప్పు చెప్పాను. మావారు నాలుగుసార్లు!

సిగ్గుపడక్కర్లేదట. 1994లో అమెరికాలో హార్మన్ అనే స్పీకర్ల కంపెనీలో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే నిపుణులు తమ కంపెనీ ఉద్యోగులు 40 మందికే ఈ పరీక్ష పెట్టారు. కనబడకుండా వినిపించినప్పుడు చవక రకం చిన్న సెట్టుకి మంచి మార్కులే వచ్చాయి. కళ్ళెదుట పెట్టేసరికి దాని మార్కులు పడిపోయాయి, పెద్దవాటికి పెరిగాయి. ఆ పనిలో ఉన్నవాళ్ళ గతే అదైతే మనమెంత చెప్పండి!

అలాగని అన్నీ ఒకటే అనుకోకండి. ఫోన్‌లో వినే పాటకీ, మంచి స్పీకర్లో వినే పాటకీ తేడా కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. మీరు కొనేటప్పుడు మీకు బాగా అలవాటైన పాటే వేయించండి. సౌండు సమంగా పెట్టించండి. ధర చీటీ చూడకముందే వినండి. ఒక్కసారి విని తేల్చేయొద్దు.

మేం 9,000ది తెచ్చుకున్నాం. మిగిలిన 13,000 అత్తయ్యగారి పళ్ళసెట్టుకి పనికొచ్చింది. ఆవిడ హాయిగా జంతికలు నములుతూ పాటలు వింటున్నారు. మావారు మాత్రం ఇప్పటికీ "ఆ పెద్దదైతే ఇంకా బాగుండేదేమోనే" అంటూనే ఉన్నారు.