బిళ్ళ దొరకని ఉలి అమ్మకండి

బాలానగర్‌లో చాలా ఏళ్ళు ఇనుప లేత్ మీద పనిచేసి, ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో కర్ర లేత్ పెట్టుకున్నాను. కుర్చీ కాళ్ళు, అప్పడాల కర్రలు, గిన్నెలు తిప్పుతుంటాను. నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్ళ చేతుల్లో ఈమధ్య కార్బైడ్ ఉలులు కనిపిస్తున్నాయి. టూల్ రూముల్లో మేం విడియా అనేది దీన్నే. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్టుతో కలిపి, నొక్కి, కొలిమిలో గట్టిపరచిన బిళ్ళ అది. 1920ల్లో జర్మనీలో పుట్టింది. ఉక్కు కడ్డీ చివర దాన్ని స్క్రూతో బిగిస్తే ఉలి తయారు.

ఇది మంచి పనిముట్టు. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, ఉక్కు పదును దాని ముందు ఎంతోసేపు ఆగదు. ఉలి సాన పట్టడం చేతకాకే ఈ పని మానేసిన పిల్లల్ని చూశాను. కార్బైడ్‌తో ఆ బాధ లేదు. పదును తగ్గితే స్క్రూ వదులు చేసి, చతురస్రపు బిళ్ళని పక్క అంచుకి తిప్పి బిగిస్తే చాలు.

నాలుగంచులూ అయిపోయాక మొదలవుతుంది అసలు కష్టం. కడ్డీ మీద కొలత ఉండదు, డబ్బా మీదా ఉండదు. ఆన్‌లైన్‌లో అమ్మినవాణ్ణి అడిగితే మళ్ళీ సెట్టు మొత్తం కొనమంటాడు. రాణిగంజ్ పనిముట్ల బజారుకి వెళ్తే బిళ్ళలకి కొదవలేదు గానీ, ఎక్కువ భాగం ఇనుము కోసేవి. దెబ్బకి ఓర్చుకోవాలని వాటి అంచుని రవ్వంత మొద్దుగా చేస్తారు. అది కర్రని కోయదు, రుద్దుతుంది, నార లేపుతుంది. కర్రకి కావలసింది పైభాగం అద్దంలా మెరిసే, పదునైన అంచున్న బిళ్ళ.

అలాంటివి ఫర్నిచర్ ఫ్యాక్టరీలకి సరుకు వేసే దుకాణాల్లో అడగండి. ప్లేనర్ మెషీన్ల స్పైరల్ కట్టర్లకి వేసే 14, 15 మిల్లీమీటర్ల చతురస్రపు బిళ్ళలు చాలా ఉలులకి సరిపోతాయి. వెర్నియర్‌తో పక్క, మందం, స్క్రూ రంధ్రం, అంచు వాలు కొలుచుకుని వెళ్ళండి. ఒక్క జాగ్రత్త. వాటి మూలలు మొనదేలి ఉంటే గిన్నె లోపల దిగబడతాయి, లోపలి పనికి గుండ్రటి బిళ్ళే వాడాలి. బిగించే ముందు బిళ్ళ కూర్చునే చోట పొట్టూ జిగురూ తుడవండి. కింద నలక ఉండగా గట్టిగా బిగిస్తే బిళ్ళ పగులుతుంది.

ఉలి చేసేవాళ్ళని నేను అడిగేది చిన్న పని. కడ్డీ మీద బిళ్ళ కొలత, స్క్రూ సైజు పంచ్ కొట్టండి. బిళ్ళల్ని, స్క్రూల్ని విడిగా అమ్మండి. స్క్రూ తల అరిగిపోయి ఉలి మూలన పడటం ఎంత అన్యాయం!

ఉక్కు ఉలి మానమని నేను అనను. ఏటికొప్పాకలో లక్క బొమ్మలకి వాడే అంకుడు కర్ర మెత్తన. దాన్ని పదునైన ఉక్కు ఉలి నున్నగా చెక్కినట్టు, అడ్డంగా గీకే కార్బైడ్ చెక్కలేదు. లక్క పట్టేది ఆ నునుపు మీదే. అక్కడ సాన పట్టే విద్యే నేర్పాలి.

మొద్దుబారిన బిళ్ళ పారేయకండి. పైభాగం చదునుగా ఉంటే డైమండ్ ప్లేట్ మీద నీళ్ళు పోసి రుద్దితే కొంత పదును తిరిగొస్తుంది. పొడిగా రుద్దొద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులకి చెడ్డది. మామూలు సానరాయి దీనికి పనికిరాదు. పూర్తిగా అరిగినవి డబ్బాలో దాచండి, స్క్రాప్ వాళ్ళు ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తారు. ఈ బిళ్ళల్లోని టంగ్‌స్టన్ విలువైంది, ప్రపంచంలో తవ్వే దాంట్లో నాలుగింట మూడొంతులకు పైగా చైనాదే. 2025 ఫిబ్రవరిలో టంగ్‌స్టన్ ఎగుమతుల మీద ఆ దేశం ఆంక్షలు పెట్టింది కూడా.

దుకాణంలో ఉలి చూపించగానే నేను అడిగే మొదటి మాట, "దీని బిళ్ళ విడిగా ఉందా బాబూ?" అని. లేదంటే ఆ ఉలి నేను కొనను, నా దగ్గర నేర్చుకునేవాళ్ళనీ కొననివ్వను.