లెక్కకు రాని వేదన

బెజవాడ చుట్టూ ఉన్న రెసిడెన్షియల్ కాలేజీల్లో ఒక విద్యార్థి ప్రాణం తీసుకున్నప్పుడల్లా జరిగే తంతు మనకు కంఠోపాఠమే. విద్యార్థి సంఘాలు గేటు ముందు బైఠాయిస్తాయి. మంత్రిగారు విచారణకు ఆదేశిస్తారు. కమిటీ వేస్తారు. కొన్నాళ్లకే కొత్త అడ్మిషన్ల ఫ్లెక్సీలు స్తంభాలెక్కుతాయి. ఆ గేట్ల ముందు మేమూ కూర్చున్నాం, నినాదాలిచ్చాం. కానీ మా చేతుల్లోనూ పేపర్ కటింగులు తప్ప లెక్కలు లేవు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ లెక్కలు తీయాల్సిందెవరు? ఫీజులు దండుకునే యాజమాన్యాలు తమ తప్పును తామే వెతుక్కుంటాయా? మందుల కంపెనీలు మాత్రల మీద పరిశోధన చేయిస్తాయి గానీ, స్టడీ అవర్ల మీద చేయిస్తాయా? ఇది ప్రజల పన్నుల సొమ్ముతో సర్కారు చేయాల్సిన పని.

మరి సర్కారు చేసిందేమిటి? 2015-16లో నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి మానసిక సమస్యలున్నాయని, వారిలో అత్యధికులకు వైద్యం అందడం లేదని తేల్చింది. ఆ 12లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు! పక్క రాష్ట్రాల లెక్కలతో మన పిల్లల బాధ తెలుస్తుందా? అప్పుల్లో మునిగిన డెల్టా కౌలు రైతు గుండె కోత తెలుస్తుందా?

ఆత్మహత్యల నివారణకు కార్యక్రమాలు రూపొందించడం ప్రభుత్వాల బాధ్యతేనని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. విశాఖలో నీట్ విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి చదివే ప్రతి సంస్థలో కనీసం ఒక కౌన్సిలర్ ఉండాలంది. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయొద్దంది. మంచిదే. కానీ ఇవి ఎక్కడ అమలయ్యాయి, అయినచోట పిల్లల భారం తగ్గిందా అని కొలిచేదెవరు? కొలవని విధానం కాగితం మీదే మిగులుతుంది.

ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986 నుంచి ఈ ఊళ్లోనే ఉంది. దాని పేరు మార్చడానికి 2022లో ఒకసారి, తిరిగి మార్చడానికి 2024లో మరోసారి అసెంబ్లీకి తీరిక దొరికింది. ఈ పరిశోధనకు నిధులివ్వడానికి మాత్రం దొరకదా?

మా డిమాండ్ సూటిగా ఉంది. మానసిక ఆరోగ్య విధాన పరిశోధనకు రాష్ట్ర బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు పెట్టాలి. ఆ విశ్వవిద్యాలయం, ప్రభుత్వ సిద్ధార్థ వైద్య కళాశాల కలిసి డెల్టా హాస్టళ్లలో, పల్లెల్లో అధ్యయనం చేయాలి. విద్యార్థులకు, తల్లిదండ్రులకు, లెక్చరర్లకు అందులో చోటుండాలి. యాజమాన్యాల పైసా ముట్టకూడదు. నివేదికను తెలుగులో జనం ముందు పెట్టాలి.

ర్యాంకులను ఒకటి నుంచి లెక్కపెట్టి హోర్డింగులకెక్కించే ఈ నగరంలో, రాలిపోయిన పిల్లలను లెక్కపెట్టే నాథుడు లేడు. ఆ లెక్క అడుగుదాం. తేలేదాకా అడుగుతూనే ఉందాం.